జేబు మీద అక్షరం

12 మార్చి 1978, ఆదివారం

పేరు చెక్కించవలసింది స్టీలు గిన్నెల మీద. పెళ్లి వంటల్లో అవి పదిళ్ల గిన్నెలతో కలిసిపోతాయి, తెల్లారి ఎవరివి వాళ్లు ఏరుకోవాలి. మనిషి అలా కలిసిపోడు. ఒకవేళ కలిసిపోయినా ఇంటికి దారి వాడికి తెలుసు. కాబట్టి చొక్కా జేబు మీద పేరు కుట్టించుకుని తిరిగేవాణ్ని నేను గిన్నెల్లో జమ కడతాను.

ఈ మాట ఇవాళ మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్నాను. అనకుండా ఉండవలసిందేమో. కానీ ఇక్కడ రాసుకుంటే బాగానే ఉంది.

జరిగింది ఇది. మా మనవడు అబ్బోడు తెల్లచొక్కా వేసుకుని అన్నానికి కూర్చున్నాడు. జేబు మీద, సరిగ్గా గుండె ఉండే చోట, వేలిగోరంత 'నా' అని ఎర్రపట్టుతో కుట్టి ఉంది. కుట్టింది వాడి పెళ్లాం ఆంజినమ్మ. ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల. పోయిన శ్రావణంలో పెళ్లయి ఈ కళ్యాణదుర్గం వచ్చింది. వచ్చేటప్పుడు చీరలకంటే పట్టుదారం తునకలు ఎక్కువ తెచ్చుకుంది. పనితనం మాత్రం కాదనలేను. జేబు తిరగేసి చూస్తే ముందేదో వెనకేదో నాకే తెలియలేదు.

అబ్బోడు అనేది వాడి పేరు కాదు. వాళ్ల జేజినాయన, అంటే మా ఆయన, పోయిన మరుసటి ఏడు పుట్టాడు గనక ఆయన పేరే పెట్టారు. మొగుడి పేరు పలకకూడదన్న ఆచారం ఒకటి ఉంది గదా, దానివల్ల మనవడి పేరు కూడా నా నోటికి లేకుండా పోయింది. పుట్టిన్నాటి నుంచి నాకు వాడు అబ్బోడే.

మా కొడుకు వెంకటేశులు ఊరందరికీ అక్షరాలు నేర్పిన అయివారమ్మకు పుట్టి, అక్షరాలు వంటబట్టక కత్తెర పట్టినవాడు. బస్టాండు దగ్గర టైలరు అంగడి. వానలు లేని ఈ రోజుల్లో కొత్త చొక్కాలకంటే పాతచొక్కాల కాలర్లు తిప్పి కుట్టే పనే వాడికి ఎక్కువ. అలాంటివాడికి ఈ అక్షరం చూసి ఆశ పుట్టింది. అంగడికి వచ్చినవాళ్లంతా అబ్బోడి జేబే చూస్తున్నారట. కోడలుపిల్లకు అంగట్లో ఒక మూల ఇచ్చి కూర్చోబెడితే బాగుంటుందని అన్నాడు. ఆ పిల్ల అన్నం గరిటె పట్టుకుని నిలబడి, నేనేమంటానా అని చూసింది.

నేను గిన్నెల సంగతి చెప్పాను. అబ్బోడు పెరుగన్నం మీద దృష్టి పెట్టాడు. ఆ పిల్ల గరిటె గిన్నెలో పెట్టి లోపలికి పోయింది.

నాకేమీ కోపం లేదు. ఇది అభిరుచికి సంబంధించిన విషయం.

13 మార్చి

ఎండ. దుమ్ము. ఎర్రరంగు ఎందుకో. నీలం అయితే అంత కనిపించేది కాదు.

16 మార్చి, గురువారం

శనక్కాయల మిషను సుబ్బన్న వచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడే. ఎక్కాలు తప్ప అన్నీ వచ్చేవి. వైశాఖంలో కొడుక్కి పెళ్లి, పిల్లది రాయదుర్గం. మగపెళ్లివారి బస్సు దిగగానే మగవాళ్లందరూ తెల్లచొక్కాల్లో, ఎవరి జేబు మీద వాళ్ల అక్షరంతో కనిపించాలట. బెంగుళూరులో దీన్ని మోనోగ్రాం అంటారని నాకు చెప్పాడు. ఆ మాట నాకు వాడు పుట్టకముందే తెలుసు.

"అంగట్లో అడిగితే వెంకటేశులు మా అమ్మ ఒప్పుకోవాల అన్నాడు అయివారమ్మా. దానికే వచ్చినా."

బడిలో ఉన్నన్నాళ్లూ బెంచీలు కావాలని నేను రాసిన ఏ మాటా ఎవరూ వినలేదు. రిటైరయ్యాక ఊరి చొక్కాలకు నా అనుమతి కావలసివచ్చింది. అంత గౌరవం దక్కినప్పుడు ఉన్నమాట చెప్పాలి గదా. చాకలి కూడా తన గుర్తు కాలరు లోపల పెడతాడు, మర్యాద తెలిసినవాడు గనక, అన్నాను. పేరు చదివితే గాని మీ మర్యాద తెలియనివాళ్లతో వియ్యం ఎందుకు అని కూడా అన్నాను. సుబ్బన్న నవ్వాడు. అయితే బెంగుళూరులోనే కుట్టిస్తానని, మళ్లీ నన్నే ఆశీర్వాదం అడిగి వెళ్లాడు.

అప్పటిదాకా వంటింట్లో గాజుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. తర్వాత ఆగిపోయింది.

రాత్రి అన్నం తింటూ వెంకటేశులు ఒక్క మాటే అన్నాడు. "పోనీలేమ్మా. ఆ పని వచ్చింటే పిల్లకు ఒక దోవ అయ్యిండేది." వాడు నా మీద గొంతు ఎప్పుడూ ఎత్తడు. ఎత్తితే జవాబు చెప్పడం నాకు సులువయ్యేది.

18 మార్చి, శనివారం

అబ్బోడి తెల్లచొక్కా ఇవాళ ఉతికి ఆరవేశారు. జేబు మీద అక్షరం లేదు. దారం లాగేసినా సూదిపోట్లు అలాగే ఉన్నాయి. ఎండకు ఎదురుగా పట్టుకుంటే చదవవచ్చు. పట్టుకుని చూశాను.

ఎవరు విప్పమన్నారని అబ్బోణ్ని అడిగాను. "నువ్వు కాదులే జేజీ," అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎంతసేపు వెతికినా లేదు.

నేను విప్పమనలేదు. గిన్నెల గురించి మాట్లాడాను, అంతే.

21 మార్చి, మంగళవారం

ఆంజినమ్మ పుట్టింటికి పోయి వస్తానంటోంది. నాతో కాదు, వాళ్ల అత్తతో, అంటే మా కోడలితో. నాలుగు దినాలట. ధర్మవరం పోయివచ్చే ఆడపిల్లలు నాలుగు దినాలకు నాలుగు చీరలు మూట కడతారు. ఈ పిల్ల దారం తునకలన్నీ మూట కట్టింది. ఎర్రవి, పచ్చవి, జరీపోగులు, సూదుల డబ్బీతో సహా. నాలుగు దినాలకు ఎవరైనా పనిముట్లు తీసుకుపోతారా?

కొత్త కోడలు అలిగి పోతే వెంటపోయి తీసుకురావచ్చు. ఈ పిల్ల అలగలేదు. నవ్వుతూనే అందరికీ వడ్డిస్తోంది. ఇంట్లో చుట్టం ఎలా ఉంటుందో అలా ఉంది. అబ్బోడు చొక్కా గుండీలు తప్పు పెట్టుకుని అంగడికి పోయాడు. టైలరు ఇంట్లో పుట్టినవాడు.

శుక్రవారం పొద్దున బస్సుకు పోతుందట.

22 మార్చి

ఊరికే గుర్తొచ్చింది రాస్తున్నాను. దేనికీ సంబంధం లేదు.

నేను బడిలో చేరిన కొత్తల్లో మూడో తరగతిలో మా ఆయన పేరుగల పిల్లవాడు ఒకడుండేవాడు. కుందుర్పి నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాడు. హాజరు పిలిచేటప్పుడు వాడి దగ్గరికి రాగానే "కుందుర్పీ" అనేదాన్ని. వాడు "హాజర్" అనేవాడు. మాకు ఏ ఇబ్బందీ లేదు. ఒకరోజు ఇన్‌స్పెక్టరు వచ్చి పట్టీ తీసుకుని పేర్లు తనే పిలిచాడు. ఆ పేరు పిలిస్తే ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచాడు. వాడు మొదటి వరసలో కూర్చుని, ఆ పిల్లవాడెవరో అని తనూ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు గైర్హాజరు వేసి నన్ను చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆచారాల మీద నాకు గౌరవం ఎంతో అందరికీ తెలుసు. గ్రహణం రోజు భోజనం చేస్తాను. పిల్లి ఎదురొస్తే పిల్లికే చెడు జరగాలని కోరుకుంటాను. కానీ ఈ ఒక్కటీ నాలుకకు పట్టుకుపోయింది. పింఛను కాగితంలో భర్త పేరు రాసే గడి కూడా వెంకటేశులే నింపుతాడు. ఆయన ఉన్నన్నాళ్లూ "ఇదో" అని పిలిచాను. ఈ ఊళ్లో ఆడవాళ్లందరి మొగుళ్ల పేర్లూ 'ఇదో'నే. సంతలో ఒకామె పిలిస్తే వీధిలో సగం మంది వెనక్కి తిరుగుతారు. అందులో ఆయన ఎప్పుడూ తిరిగేవారు కాదు. నా గొంతు తెలుసు గనక.

దేనికీ సంబంధం లేదని ముందే రాశాను.

24 మార్చి, శుక్రవారం

శుక్రవారం కోడల్ని గడప దాటించకూడదని పొద్దున్నే ప్రకటించాను. నాకు శుక్రవారం మీద నమ్మకం లేదు. అవసరమైనప్పుడు తెచ్చుకుంటాను. బస్సు వెళ్లిపోయింది.

మగవాళ్లు అంగడికి పోయాక ఆంజినమ్మ వసారాలో చింతపండు గింజ తీస్తూ కూర్చుంది. చాటకు ఇవతల నేను కూర్చున్నాను. కాసేపు ఇద్దరికీ చింతగింజల మీదే ధ్యాస. చివరికి నేనే అడిగాను.

"ఆ అక్షరం ఎందుకు కుట్టినావు పాపా? సినిమాలో చూసినావా?"

"లేదవ్వా. ఆయప్ప పేరు నాకు పలికేకి రాదు కదా."

"ఎవరికొస్తాది? నాకు మాత్రం వస్తాదా?"

"నువ్వు ఒకసారన్నా పలికింటావు. గడపకాడ."

అది నిజమే. పెళ్లికూతురు అత్తింటి గడపలోకి వచ్చేటప్పుడు ఆడబిడ్డలు దారి కట్టి నిలబడతారు. మొగుడి పేరు చెబితే గాని లోపలికి రానివ్వరు. ఆ పేరు ఆమె పలకడం అదే మొదలు, అదే ఆఖరు. నేను నా రోజున గట్టిగా చెప్పి లోపలికి వచ్చాను. ఇంత గట్టిగా చెప్పే పిల్ల మనకు నిలుస్తుందా అని మా అత్త అప్పుడే అందట.

ఆంజినమ్మ తల ఎత్తలేదు. "ఆ పొద్దు నాకు గొంతు రాలేదవ్వా. అందరూ నవ్వుతాండిరి. నువ్వే వచ్చి, చెప్పిందిలే, నాకు వినపడింది, రానీండి అంటివి." ఒక గింజను గోటితో తీసి పక్కన పెట్టింది. "నేను చెప్పనే లేదు. చెప్పకుండానే ఈ ఇంట్లోకి వచ్చినా."

నాకేమీ వినపడలేదని నాకూ తెలుసు. మిట్టమధ్యాహ్నం, పిల్ల కాళ్లు కాలుతున్నాయని అలా అన్నాను. ఇన్నాళ్లూ దాన్ని మంచిపని కిందే లెక్క వేసుకున్నాను.

"దానికని కుట్టినా. కుట్టకూడదని ఎవురూ చెప్పలేదు కదా."

"లోపల కుట్టచ్చు. బనీను మీద కుట్టచ్చు. జేబు మీదనే ఏల?"

"అన్నం పెట్టేకి వొంగితే నా కండ్లకెదురుగా ఉండేది జేబే కదవ్వా. ఆయప్ప దాన్ని చూసుకోను కూడా చూసుకోడు."

చొక్కా మీద పేరు ఎవరికోసం అనే ప్రశ్నకు నేను ఇన్ని రోజులూ రెండు జవాబులే అనుకున్నాను. వేసుకున్నవాడి కోసం, లేకపోతే ఊరి కోసం. రెండూ డాబే గనక గిన్నె అన్నాను. ఇంకొక మనిషి ఉండవచ్చునని తట్టలేదు. ఆ మనిషి గరిటె పట్టుకుని నా ఎదురుగానే నిలబడి ఉంది.

చింతపండు అయిపోవచ్చింది. "గిన్నె అన్నది నేనే," అన్నాను. "ఆ మాట ఆడనే పెట్టు. నువ్వు సూది తియ్యి."

ఆ పిల్ల గింజలు కొంగులో పోసుకుని లేచింది. సాయంత్రం మూట విప్పి దారాలన్నీ రంగు రంగు వేరుచేసి గూట్లో సర్దుకుంది. నేను చూడనట్టు పేపరు చదివాను. పేపరు నిన్నటిది.

25 మార్చి, శనివారం

అభిప్రాయం మార్చుకోలేదు. సవరించాను. రెండింటికీ తేడా ఉంది.

సుబ్బన్న ఇంటికి నడిచిపోయాను. వాడు బెంగుళూరుకు ఇంకా కబురు పెట్టలేదు. ఎండకు బద్ధకించాడట. మనుషుల బద్ధకం వల్ల లోకానికి ఎంత మేలు జరుగుతుందో ఎవరూ రాయరు. చొక్కాల మీద అక్షరాలు ఉండవచ్చునని చెప్పాను. వాడు లేచి నిలబడ్డాడు. ఒక షరతు ఉందన్నాను. మళ్లీ కూర్చున్నాడు.

చొక్కాలు వెంకటేశులు కుడతాడు. అక్షరం మాత్రం ఎవరి మొగుడిది వాళ్లే కుట్టాలి. పరాయిచేతి అక్షరం అంగడి బోర్డు అవుతుంది.

"మా ఆడోళ్లకు సూదిలో దారం ఎక్కించేకే రాదు అయివారమ్మా."

"ఎక్కాలు రాకుండా నువ్వు మిషను నడుపుతాండావు కదప్పా. మా పాప నేర్పుతాది."

"మరి పెండ్లికొడుకుది?"

"వాని పెండ్లాం వచ్చి కుడతాది. అంతవరకు బోడి జేబే."

ఇంత చేసి అది నలుగురికీ కనపడకపోతే ఎట్లా అని వాడి బాధ. కుట్టినవాళ్లకు కనపడితే చాలన్నాను. వాడికి అర్థం కాలేదు. తలుపు వెనక నుంచి వాడి పెళ్లాం కదిరమ్మ, "సరే అనండి," అంది. ఆమెకు అర్థమైంది. వాడు సరే అన్నాడు.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే వెంకటేశులు టేపు మెడలో వేసుకుని, అన్నం సంగతి మరిచి అంగడికి పోయాడు.

2 ఏప్రిల్

ఆంజినమ్మ ధర్మవరం సంగతి ఎత్తడం లేదు. నేనూ గుర్తు చేయలేదు. అబ్బోడి గుండీలు సరిగ్గా ఉన్నాయి. జేబు మీద అక్షరం మళ్లీ వచ్చింది. పాత సూదిపోట్ల మీదే కుట్టింది. ఈసారి కూడా ఎర్రదే. ఎరుపు అంత కొట్టొచ్చినట్టు ఏమీ లేదు. వెలుతురును బట్టి ఉంటుంది.

9 ఏప్రిల్, ఆదివారం

నిన్న ఉగాది. ఇవాళ మా నడవాలో బడి.

సుబ్బన్న ఇంటి ఆడవాళ్లు, వాళ్ల చుట్టాలు, వాళ్లను చూసి ఇరుగుపొరుగు, చాప చాలక గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నారు. మధ్యలో ఆంజినమ్మ, చేతిలో టైలరు సుద్ద. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. అల్లరి చేయకుండా చూడడానికి ఒకరుండాలి గదా.

ఎవరి అక్షరం వాళ్లు చెబితే జేబు మీద గీసిస్తానంది పిల్ల. ఒక్కరూ నోరు విప్పలేదు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఒకామె ఆకాశం వైపు చూసింది. కొంచెం సేపు మా నడవా ఇన్‌స్పెక్టరు వచ్చిన తరగతిలా ఉంది. మొగుడి చొక్కా ఒళ్లో పెట్టుకుని, అది ఎవరిదో చెప్పలేని ఆడవాళ్లు అంతమంది.

దోవ కనిపెట్టింది కదిరమ్మ. "ఎవురిది వాళ్లు చెప్పకూడదు గాని, పక్కదానిది చెప్తే ఏమి?" అని, తోడికోడలి వైపు వేలు చూపించి, "దీని మొగునిది 'జ'. జయరాముడు," అంది. అక్కడి నుంచి గేటు తెరిచినట్టయింది. దీనిది అది, దానిది ఇది, ఒకరి మొగుణ్ని ఒకరు పేరు పెట్టి పిలిచి విరగబడి నవ్వారు. మెల్లగా అనేవాళ్లు లేరు. పరాయి మొగుళ్లే గదా. కదిరమ్మ వంతు వచ్చినప్పుడు తోడికోడళ్లు బావ పేరు ఎత్తలేక నా వైపు చూశారు. 'సు' అని నేను చెప్పాను. ఆ పేరుతోనే వాడికి గోడకుర్చీ వేయించాను, నాకేం మొహమాటం. కదిరమ్మకు 'సు' రాయడం ఒకప్పుడు నేనే నేర్పాను. మరిచిపోయానని నా మొహం మీదే చెప్పింది.

సూదులు నడుస్తున్నాయి. ఉన్నట్టుండి కదిరమ్మ, "నువ్వు కుట్టవా అయివారమ్మా?" అంది.

నేను చూడడానికి కూర్చున్నానన్నాను. కళ్లు ఆనవన్నాను. కుట్టడానికి చొక్కా ఏదన్నాను. ఆయన చొక్కాలకు జేబే ఉండేది కాదు. పెట్టుకోవడానికేముంది అనేవారు. ఇన్ని కారణాలు ఒకేసారి చెబితే ఎవరూ నమ్మరని బడిలో పిల్లలకు నేనే చెప్పేదాన్ని.

ఆంజినమ్మ లేచి, కత్తిరించి పెట్టిన తెల్లజేబు గుడ్డ ఒకటి నా ముందు పరిచింది. పక్కన సుద్దముక్క పెట్టింది. గీయలేదు.

"నువ్వే గియ్యి పాపా, నీకు తెలిసిన అక్షరమే కదా," అంది కదిరమ్మ.

"నేను కుట్టేది మా ఆయప్పదక్కా," అంది ఆంజినమ్మ. "అవ్వది అవ్వ రాసుకుంటాది."

నాకు ఆ పేరు చెప్పిపెట్టేవాళ్లు ఎవరున్నారా అని చుట్టూ చూశాను. మా కోడలికి మామ పేరు. ఆంజినమ్మకు మొగుడి పేరు. మిగిలిన వాళ్లంతా ఆయన కంటే చిన్నవాళ్లు, పలికినా అది అబ్బోడి పేరే అవుతుంది. ఆ నడవాలో అంతమంది ఆడవాళ్లున్నారు, ఆయన పేరు నాకు ఇవ్వగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఎప్పుడు పోయారో నేను చూసుకోలేదు.

సుద్ద తీసుకున్నాను. మొదటి అక్షరం బాగానే వచ్చింది. ఆంజినమ్మ దారం ఎక్కించబోయింది. నేను ఆపలేదు, రెండోది రాశాను. మూడోది.

"ఒక్క అక్షరం చాలవ్వా. జేబు పట్టదు."

"పట్టిస్తా," అన్నాను.

పట్టలేదు. చివర రెండక్షరాలు కింది వరసలోకి దిగాయి. బోర్డు మీద ఎవరైనా పిల్లవాడు అలా రాస్తే తుడిపించేదాన్ని. మొత్తం పేరు రాశాను, ఒత్తుతో సహా. ఇక్కడ రాయను. గుడ్డ మీద రాశాను, చాలు.

అందరూ సూదులు ఆపి చూస్తున్నారు. అప్పుడే అబ్బోడు కుట్టిన చొక్కాల కట్ట భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. కట్ట దించి, నా మీదుగా వంగి చదివాడు. వాడి మొహం వెలిగిపోయింది.

"నా పేరు రాసినావేం జేజీ?"

"నీది కాదు లేరా," అన్నాను. "వెలుతురుకు అడ్డమొస్తాండావు, జరుగు."